చెట్టుకు అంత ఆకుపచ్చ అవసరమా?

ప్రకృతికి పొదుపు తెలియదు. ఒక్క చెట్టునే చూడండి. చిగురుకో ఆకుపచ్చ, ముదురాకుకో ఆకుపచ్చ, నీడలో ఇంకోటి, వెనక నుంచి ఎండ కొడితే మరోటి. అడిగేవాడు లేడు, ఆడిట్ లేదు. ఈ దుబారాను అరికట్టే బాధ్యతను మాలాంటి కొందరు చిత్రకారులం ఎవరూ అడక్కుండానే నెత్తికెత్తుకున్నాం. మా దీక్ష పేరు లిమిటెడ్ ప్యాలెట్. ఎంత పెద్ద లోయ కనిపించినా మూడు నాలుగు రంగుల్లోనే సర్దుకోవాలి. మిగతా ట్యూబులు ఉన్నా లేనట్టే.

దీక్షకు గురుపరంపర కూడా ఉంది. ప్రాచీన గ్రీకు చిత్రకారుడు అపెల్లీస్ తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు, ఈ నాలుగింటితోనే అమర చిత్రాలు వేశాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ చిత్రాల్లో ఒక్కటీ మిగల్లేదు. అందుకే ఆయన గొప్పతనం మీద ఇప్పటిదాకా ఎవరికీ పేచీ లేదు. తర్వాతి గురువు స్వీడన్‌కు చెందిన ఆండర్స్ జోర్న్ (1860–1920). 1896లో వేసుకున్న స్వీయచిత్రంలో ఆయన ప్యాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద ఉన్నవి నాలుగే: ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు, వర్మిలియన్ అనే ఎరుపు, నలుపు, తెలుపు. వర్మిలియన్‌లో పాదరసం, అప్పటి తెలుపులో సీసం ఉంటాయి కాబట్టి మేం కాడ్మియం రెడ్, టైటానియం వైట్‌లకు మారాం. కాడ్మియం మాత్రం విషం కాదా అంటారా, ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

జోర్న్‌కు పేరు తెచ్చినవి ఎక్కువగా మనుషుల బొమ్మలు. మనిషి చర్మానికి ఓకర్, ఎరుపు, తెలుపు చక్కగా సరిపోతాయి. ముఖం నీలంగా కనిపిస్తే పిలవాల్సింది డాక్టర్ని. ఆ నాలుగు రంగులనే పట్టుకుని కొండలూ చెరువులూ వేయడానికి బయల్దేరిన ఘనత మాది.

ఆకాశం ఎలా అంటారా? మేం వాడే ఐవరీ బ్లాక్ కాస్త నీలం వైపు మొగ్గే నలుపు. అందులో తెలుపు కలిపితే బూడిద రంగు వస్తుంది. విడిగా చూస్తే అది బూడిదే. దాని పక్కన ఓకర్, ఎరుపు కలిపిన నారింజ మట్టి పెట్టండి, అదే బూడిద మెల్లగా నీలమవుతుంది. పక్క రంగును బట్టి కంటికి రంగు మారిపోవడం మీద ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ 1839లోనే పెద్ద పుస్తకం తెచ్చాడు. అంటే మా ఆకాశం కాన్వాస్ మీద ఉండదు, చూసేవాడి కంట్లో ఉంటుంది. అక్కడా కనబడకపోతే వాళ్లు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఆకుపచ్చకు నలుపులో ఓకర్ కలుపుతాం. వచ్చేది ఊరగాయలో మిగిలిపోయిన ముక్క రంగు. దాన్ని మేం 'ఆలివ్' అంటాం. మా నిఘంటువే వేరు. బురదను 'మ్యూటెడ్ టోన్' అంటాం. అన్నీ ఒకే బురదైతే 'హార్మనీ'. నిజం చెప్పాలంటే ఈ హార్మనీ ఉత్తి బుకాయింపేం కాదు. కొండలోనూ నీడలోనూ నీటిలోనూ అవే నాలుగు రంగులు కలిసి ఉంటాయి కాబట్టి బొమ్మలో ఏదీ విడిగా అరవదు. రంగు చేతిలో లేనప్పుడు వెలుగునీడలు సరిగ్గా చూడక తప్పదు. ఈ మాట బయట ఎక్కువగా చెప్పం. మా పద్ధతికి సులువైన కారణం ఉందంటే పరువు పోతుంది.

ఖర్చు తగ్గిందా అని ఇంట్లో అడిగారు. ఇరవై నాలుగు ట్యూబుల పెట్టె అటకెక్కింది. దాని బదులు నాలుగు మేలురకం ట్యూబులు కొన్నాను. వాటిలో తెలుపు ఇట్టే అయిపోతోంది. పైగా ఏ రంగులో ఏది ఎంత కలిపితే ఏమొస్తుందో గళ్లు గీసి చార్టు వేయాలి. రెండు వారాలు గళ్లే నింపాను. ఆ రెండు వారాలూ కొండ నా కోసం ఎదురుచూసింది.

మాలో శాఖలు కూడా ఉన్నాయి. అల్ట్రామెరైన్ అనే నీలం, బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు, తెలుపు, ఈ మూడింటితోనే నెట్టుకొచ్చేవాళ్లు మమ్మల్ని భోగులుగా చూస్తారు. ఒకే రంగుతో వేసేవాళ్లు అసలు మాట్లాడరు.

మొన్న మిట్టమధ్యాహ్నం చెరువు గట్టున బొమ్మ వేస్తుంటే ఓ ఏడేళ్ల పిల్లాడు వచ్చి వెనక నిలబడ్డాడు. కాసేపు కాన్వాస్, కాసేపు ఆకాశం చూశాడు. నెత్తిమీద ఒక్క మబ్బు లేదు.

"అంకుల్, వాన ఎక్కడ పడుతోంది?"

షెవ్రెల్ సిద్ధాంతం మొత్తం వివరించాను. శ్రద్ధగా విన్నాడు.

"అయితే మీ దగ్గర నీలం అయిపోయిందా?"

అయిపోలేదు నాయనా, వదిలేశాను అన్నాను. వాడి ముఖంలో జాలి కనిపించింది. జేబులోంచి వేలెడంత నీలం క్రేయాన్ తీసి నా స్టూలు మీద పెట్టి, "మళ్లీ ఇవ్వక్కర్లేదు" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం చదువుతుంటే తెలిసింది, స్వీడన్‌లోని మోరాలో జోర్న్ వదిలి వెళ్లిన రంగుల్లో కోబాల్ట్ బ్లూ ట్యూబులు కూడా ఉన్నాయట. గురువుగారి సంగతి గురువుగారిది. నా మటుకు దీక్ష నియమాలన్నీ ఇంకోసారి తిరగేశాను. ట్యూబుల గురించే ఉంది. క్రేయాన్ల గురించి ఎక్కడా లేదు.