తాళాలిచ్చేవారి పాఠాలు

జనవరి వచ్చిందంటే జాతీయ రహదారి భద్రతా మాసం పేరిట బడుల్లో బ్యానర్లు వెలుస్తాయి, ప్రతిజ్ఞలు చేయిస్తారు, మైనర్ల డ్రైవింగ్ వల్ల కలిగే అనర్థాల మీద వ్యాసరచన, వక్తృత్వ పోటీలు పెడతారు. 18 ఏళ్లు నిండనిదే బండి ముట్టుకోరాదన్న ముగింపు పోటీ ప్రకటించిన రోజే ఖరారైపోతుంది కనుక, అక్కడికి చేర్చే నాలుగు పేరాలను తడబడకుండా అప్పజెప్పినవారికే మొదటి బహుమతి. ఆ బహుమతి పుచ్చుకున్న పదో తరగతి పిల్లవాడు సాయంత్రం బడి వెనక సందులో, కిరాణా కొట్టు గోడవారన నిలిపిన స్కూటరెక్కి, వెనక ఇద్దరిని కూర్చోబెట్టుకుని ఇంటిదారి పడితే ఆశ్చర్యపోయేవారే లేరు. ఆవరణలోకి బండి రానివ్వలేదు కాబట్టి తమ బాధ్యత తీరిందని యాజమాన్యం అనుకుంటుంది. తాళం చేతికిచ్చిన తండ్రి బహుమతి ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటాడు.

ఇలాంటి వ్యాసాల విలువ ఎంతో 2024 మే 19న పుణె కల్యాణీనగర్‌లో తేలిపోయింది. 1,758 రూపాయల రుసుము కట్టకపోవడంతో శాశ్వత రిజిస్ట్రేషన్ సైతం లేని పోర్షే కారును నడుపుతూ 17 ఏళ్ల కుర్రవాడు ఇద్దరు యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లను బలిగొన్నాడన్న కేసులో, మైనర్ల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు అదే రోజు బెయిలిస్తూ రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం రాయాలని షరతు పెట్టింది. దేశమంతా మండిపడింది, మండిపడవలసిందే. అయితే వ్యాసమంటే ఆలోచనతో పనిలేని తంతు అన్న అభిప్రాయాన్ని ఆ బోర్డు కొత్తగా కనిపెట్టలేదు. మన బడులు ఏళ్ల తరబడి నేర్పుతున్నది అదే.

డ్రైవింగ్ వయసు మీద వాదనలను విడదీసి, తూచి చూడటం పిల్లలకు నేర్పదలిస్తే ఇంతకన్నా మంచి అంశం దొరకదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోనే ఒక అంకె లేదు: 50 సీసీకి మించని మోటారు సైకిలుకు 16, మిగతా వాహనాలకు 18, రవాణా వాహనాలకు 20. పరిపక్వత 18కే వస్తుందని ఘంటాపథంగా రాసే విద్యార్థిని, మరి 16కూ 20కీ చట్టం చూసుకున్న కారణాలేమిటని గురువు అడగాలి. ఇంటింటా కనిపించే యాక్టివాలు 100 సీసీ పైమాటే అయినప్పుడు 16 ఏళ్ల సడలింపు ఎవరికి ఉపయోగమని అడగాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది బలయ్యారన్న లెక్కను వ్యాసంలో ఎక్కించగానే మార్కు వేసేయకుండా, మైనర్లు నడిపిన బండ్ల వల్ల పోయినవారెందరో ఆ అంకె చెబుతోందా అని నిలదీయాలి. అమెరికాలో 16కే లైసెన్సిస్తారన్న వాదన వస్తే, అక్కడి రాష్ట్రాలు చాలావరకు కొత్త కుర్రాళ్లకు రాత్రి ప్రయాణాల మీద, వెంట ఎక్కించుకునే స్నేహితుల సంఖ్య మీద ఆంక్షలు పెడతాయని వాదించేవాడే చెప్పాలి. న్యూజిలాండ్ 2011లో కనీస వయసును 15 నుంచి 16కు పెంచిన సంగతీ తెలియాలి. ఊరికి బస్సు లేక ఇంటర్ కాలేజీకి బండి మీద పోతున్నామన్న పల్లె పిల్లల వాదన వీటన్నిటికన్నా బరువైనది. అవసరం ఉన్నంత మాత్రాన సామర్థ్యం రాదన్న జవాబు తర్కానికి సరిపోతుందేమోగాని బస్సు నడపని ప్రభుత్వాన్ని అది తప్పించజాలదు.

చట్టాన్ని ప్రశ్నించడం నేర్పితే దాన్ని మీరడానికి సాకులు నేర్పినట్లేనన్న భయం కొందరు ఉపాధ్యాయులకు ఉండవచ్చు. ఆ సాకులు పిల్లలకు బడికి రాకముందే ఇంట్లో అందుతున్నాయి. ‘మావాడు జాగ్రత్తగానే నడుపుతాడు’, ‘పక్క వీధి దాకానే కదా’ అన్నవి పెద్దల వాదనలు, వాటికి ఆధారం అడిగే అలవాటు పిల్లలకు వస్తే ఇబ్బంది పడేదీ పెద్దలే. అసలు భయం అదేనని మా అనుమానం. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనరు నేరం చేస్తే సంరక్షకుడిని లేదా వాహన యజమానిని దోషిగా భావిస్తారు. తనకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననో ఆయనే నిరూపించుకోవాలి. లేదంటే మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. నిరూపణ భారం నిందితుడి మీదికి మారడం న్యాయమేనా అన్నది తరగతి గదిలో ఒక పీరియడంతా నడవదగిన చర్చ. పోటీల అంశాల పట్టికలో ఈ సెక్షన్ మాత్రం కనిపించదు, ఎందుకంటే అందులోని ముద్దాయి వేదిక ముందు మొదటి వరుసలో కూర్చుని చప్పట్లు కొడుతుంటాడు.

కుర్రవాడికి నీతి బోధించి, తండ్రికి తాళం వదిలేసే ఈ ద్వంద్వనీతి తరగతి గదిలో తర్కం నేర్చిన పిల్లల కంట పడక తప్పదు. విద్యాశాఖలు వచ్చే జనవరికి మరో ప్రతిజ్ఞ పాఠం పంపే శ్రమ మానుకోవాలి. పాఠశాలలు వ్యాసాలను బల్ల మీద పెట్టించి తమ వెనక సందులోకి ఒకసారి వెళ్లి, అక్కడి బండ్ల నంబర్లు రాసుకుని వాటి యజమానులను పిలిపించాలి. ఆ పని చేసే ధైర్యం లేని ప్రధానోపాధ్యాయులు దయచేసి బహుమతులు కూడా పంచవద్దు.