క్వారీ సౌండుకి చెవులు అలవాటు పడతాయా? అది చెవుడు మొదలవడం అండీ

టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో పనిచేసే మా వాళ్ల వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. "జాక్‌హామర్ (రాయి తొలిచే డ్రిల్లు) సౌండుకి నెల్రోజుల్లో చెవులు అలవాటు పడిపోతాయి, మరీ ఎక్కువైతే దూది పెట్టుకోండి, చెవుల్లో ప్లగ్గులు పెడితే బ్లాస్టింగ్ సైరన్ వినపడక చస్తారు, చెవుడు వయసుతో వచ్చేదే" అని. మా చిన్నాన్న ఇరవై ఏళ్లు డ్రిల్లరు, ఇవే మాటలు నమ్మాడు, అందుకే రాస్తున్నా.

ముందు అలవాటు సంగతి. షిఫ్ట్ దిగాక చెవులు దిమ్మెక్కి జుయ్‌మంటాయి, తెల్లారేసరికి సర్దుకుంటాయి, రోజూ ఇలాగే అయ్యి అయ్యి ఒకనాటికి ఆ సౌండు బాధించడం మానేస్తుంది, దాన్నే అలవాటు అనుకుంటాం. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే వెంట్రుకల్లాంటి కణాలు సుమారు 15 వేలు ఉంటాయి, ఆ మోతకి అవే చస్తుంటాయి, చచ్చినవి మళ్లీ పుట్టవు, మందు లేదు. ముందు 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల సన్నటి శబ్దాలు పోతాయి, దాంతో ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది గానీ పాలు అన్నారో కాలు అన్నారో తెలీదు. చిన్నాన్నకి లారీ హారన్ బానే వినపడుద్ది, మనవరాలు పిలిస్తే మాత్రం "ఏటి? ఏటీ?" అంటాడు. వినీ విననట్టు ఉంటున్నాడని ఇంట్లో అందరం విసుక్కున్నాం, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

వయసు వల్ల అంటారా, వయసుకీ తగ్గుద్ది, కాదనను. కానీ సౌండు వల్ల పోయిన చెవికి ఆడియోగ్రాంలో, అంటే వినికిడి పరీక్ష గ్రాఫులో, 4000 దగ్గర గుంట పడి 8000 దగ్గర మళ్లీ లేస్తుంది, వయసుదైతే కిందకి జారుతూనే పోతుంది. 2011లో గనుల చట్టం కింద నోటిఫైడ్ జబ్బుల్లో (పనివల్ల వచ్చేవని సర్కారు గుర్తించినవి) ఈ సౌండు చెవుడుని చేర్చారు, ఊరికే చేర్చలేదు కదా.

దూది అసలు లెక్కలోకి రాదు. ఫోమ్ ప్లగ్గుని శుభ్రమైన చేత్తో సన్నగా నలిపి, రెండో చెయ్యి తల వెనకనుంచి తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి తోసి ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. ఎంత మంచి ప్లగ్గైనా షిఫ్ట్‌లో సగం టైం తీసేస్తే మొత్తమ్మీద దక్కేది 3 డెసిబెల్సే.

సైరన్ భయంలో కొంత న్యాయం ఉంది, ముఖ్యంగా ఇప్పటికే చెవి తగ్గినవాళ్లకి. కానీ ప్లగ్గు డ్రిల్లు మోతనీ సైరన్‌నీ రెండిట్నీ తగ్గిస్తుంది, చెవి బాగున్నోడికి సైరన్ అందుద్ది. అనుమానమైతే ఎర్రజెండా ఉండాలి, మనిషొచ్చి భుజం తట్టి చెప్పాలి. చెవి పోగొట్టుకున్నోడికి రేపు ఏ సైరన్ వినపడుద్ది?

ఆ మెసేజ్‌లో ఓనర్ చెయ్యాల్సింది ఒక్క ముక్క లేదు, నాకు మండేది అక్కడే. గనుల భద్రత చూసే కేంద్ర శాఖ డీజీఎంఎస్ లెక్కలో 8 గంటలకి 85 డెసిబెల్స్ హెచ్చరిక, 90 ప్రమాదం, జాక్‌హామర్ దగ్గర 100 దాటడం మామూలే. డ్రిల్లుకి గాలి పంపే కంప్రెసర్ని దూరం జరపాలి, ఖాళీ జాగాలో దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుద్ది. జాక్‌హామర్‌కి సౌండు తగ్గించే మఫ్లర్ బిగించాలి, మనుషుల్ని మార్చి మార్చి డ్రిల్లు మీద పెట్టాలి. మెడికల్ చేసినప్పుడు ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేశారా అని అడగండి, చేస్తే ఆ కాగితం కాపీ తెచ్చి ఇంట్లో దాచుకోండి, చిన్నాన్న దగ్గర అదొక్కటీ లేకే నష్టపరిహారం అడగలేకపోయాం.