విపత్తు చదువు ఉంది, విపత్తు కొలువు ఏది?

విపత్తు నిర్వహణలో పీజీ చేసిన యువత ఉద్యోగ జీవితాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి? జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) బెటాలియన్లు సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వంటి కేంద్ర బలగాల నుంచి డిప్యుటేషన్‌పై వచ్చినవారితో నడుస్తాయి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. ఈ చదువు చదివినవారికి ఎక్కువగా మిగిలేది కాంట్రాక్టు కొలువు, లేదా స్వచ్ఛంద సంస్థల్లో ప్రాజెక్టుతోపాటే ముగిసిపోయే ఉద్యోగం.

దీన్ని నిరుద్యోగ సమస్యగానే చూస్తే అసలు నష్టం కంటికి ఆనదు. ఏ వాగు ఎంత వానకు పొంగుతుందో, ఏ లంకలో ఎవరు ఇల్లు వదలమని మొండికేస్తారో, వారు ఎవరి మాటకు కదులుతారో, తుపాను షెల్టర్ తాళంచెవి ఎవరింట్లో ఉంటుందో ఏళ్ల తరబడి ఆ ఊళ్లు తిరిగిన మనిషికే తెలుస్తుంది. బుడమేరు వాగు 2005లో విజయవాడను ముంచింది. 2024 సెప్టెంబరులో మళ్లీ గండ్లు పడి, సింగ్‌నగర్ వాసులు రోజుల తరబడి నీటి మధ్య చిక్కుకున్నారు. ఈ రెండు వరదల నడుమ ఎందరు అధికారులు వచ్చి వెళ్లారో గాని, మొదటి వరద నేర్పిన పాఠాన్ని రెండో వరద దాకా మోసుకొచ్చే బాధ్యత గల ఉద్యోగి ఒక్కరైనా ఉండవలసింది.

ఏడాదికి నాలుగు రోజుల తుపానుకు శాశ్వత సిబ్బంది దండగని ఆర్థిక శాఖలు వాదించవచ్చు. కానీ నిప్పంటుకున్న రోజున ఫైర్‌స్టేషన్ కట్టుకోవడం లేదు కదా! 1999 మహా తుపానుకు దాదాపు 10 వేల మందిని పోగొట్టుకున్న ఒడిశా, ఆ ఏడాదే ప్రత్యేక ప్రాధికార సంస్థను నెలకొల్పి ఏళ్లపాటు సన్నద్ధమైంది కాబట్టే, 2013లో ఫైలిన్ తుపాను ముంచుకొచ్చినప్పుడు లక్షలాది మందిని ముందే తరలించి ప్రాణనష్టాన్ని పదుల సంఖ్యకు పరిమితం చేయగలిగింది.

ఒకచోట పాతుకుని పని నేర్చుకునే ఉద్యోగాన్నే మన పాలన భారంగా భావిస్తోంది. గట్టు వెంట నడుస్తూ గండి ఎక్కడ పడబోతుందో పసిగట్టే లస్కర్లు కరవైన కాలువల మీద ఇప్పుడు డ్రోన్లు ఎగురుతున్నాయి. డ్రోను గట్టును చూపించగలదు. నిరుడు అక్కడ ఊట కనిపించిందని, ఇసుక బస్తాలు వేసి ఆపామని అది చెప్పలేదు.

రాజధానులకు, కార్పొరేషన్లున్న నగరాలకు ప్రత్యేక ప్రాధికార సంస్థలు ఏర్పాటు చేసుకునే వీలును 2025 చట్ట సవరణ కల్పించింది. వాటిలోనైనా తొలి కొలువులను శాశ్వత ప్రాతిపదికన, ఇవే చదువులు చదివినవారితో భర్తీ చేయాలి. గన్నవరం దగ్గరి కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణం ఉండగా, వారి శిక్షణకు వేరే చోటు వెతకనక్కర్లేదు.