41 రోజులకు రాని నవ్వు

మొన్న ఉగాదికి మన తెలుగు సంఘం వేడుకలో, జంటల ఆటకి మమ్మల్ని కూడా స్టేజీ ఎక్కించారు. పంచాంగ శ్రవణం అప్పుడే అయింది, పచ్చడి కప్పులు ఇంకా టేబుళ్ళ మీదే ఉన్నాయి. యాంకర్ మైకు మా ఆయన ముందు పెట్టి, "మీ ఆవిడ పిల్లల్ని వదిలేసి పది రోజులు మౌనంగా కూర్చోడానికి వెళ్తుందట కదండీ! ఆ పది రోజులూ మీకు పండగేనా?" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. కారెక్కాక ఏడుపొచ్చింది.

నిజానికి నేనింకా ఎక్కడికీ వెళ్ళలేదు. మసాచుసెట్స్‌లో, షెల్‌బర్న్ ఫాల్స్ దగ్గర 1982 నుంచి విపశ్యన కేంద్రం, అంటే పది రోజులు మౌనంగా ఉంచి ధ్యానం నేర్పే చోటు, ఉంది కదా, అక్కడికి వెళ్ళాలనుందని ఒకావిడతో అన్నాను, అంతే. తెల్లవారుజామున 4 గంటలకు గంట కొడతారు, ఫోను ఉండదు, ఫీజూ ఉండదు.

ప్రస్తుతానికి నా ధ్యానమల్లా సోఫా పక్కన చాప, పొద్దున్నే 20 నిమిషాలు. శ్వాసను బిగబట్టక్కర్లేదు, మంత్రం లేదు. ముక్కు దగ్గర వచ్చే గాలిని, పోయే గాలిని ఊరికే గమనిస్తూ ఉండాలి. దీన్నే ఆనాపాన అంటారు. ఏడో నిమిషానికల్లా మా మూడేళ్ళవాడు దుప్పటి ఈడ్చుకుంటూ వచ్చి ఒళ్ళో కూలబడతాడు. ఒకరోజు నా కనురెప్ప వేలితో పైకెత్తి, "అమ్మా, లోపలున్నావా?" అని అడిగాడు. వాడి జలుబు ముక్కు గురగురే ఆ పూటకి నా ఆనాపాన.

మా అమ్మమ్మ విష్ణుసహస్రనామం చదువుకుంటుంటే ఇల్లంతా గొంతు తగ్గించేదని రాయాలనుంది. ఎవరూ తగ్గించేవారు కాదు. తాతయ్య కాఫీ అని కేకేస్తే ఆవిడ నామం ఆపకుండానే లేచి వెళ్ళేది.

పోయిన కార్తీకంలో మా ఆయన అయ్యప్ప మాల వేసుకున్నాడు. 41 రోజులు ఇంట్లో ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. పడిపూజకి వచ్చిన స్వాములందరికీ పులిహోర కలిపింది నేనే. అందరూ స్వామి శరణం అన్నారు గానీ, ఈ స్వామి పిల్లల్ని ఎవరు చూస్తున్నారని ఏ యాంకరూ అడగలేదు. నేను విసుక్కున్న మాట నిజమే. ఆ రోజుల్లో ఆయన పిల్లల మీద ఒక్కసారి కూడా అరవని మాటా నిజమే.

"బుద్ధుడే బిడ్డను వదిలిపోయాడు, నీకూ అదే కావాలా?" అని ఒక పెద్దావిడ అడిగింది. ఆ మాట కొట్టిపారేయలేను. కానీ ఆ బిడ్డ రాహులుణ్ణి తర్వాత భిక్షువుల సంఘంలో చేర్చుకున్నప్పుడు, బుద్ధుడి తండ్రి శుద్ధోదనుడు కొడుకు దగ్గరికొచ్చి తన కడుపుకోత చెప్పుకున్నాడు. తల్లిదండ్రులు ఒప్పుకోనిదే పిల్లలకు దీక్ష ఇవ్వకూడదని బుద్ధుడు అప్పుడు నియమం పెట్టాడు. ఇంట్లోవాళ్ళ ఏడుపు విన్నవాడే కదా! నేనూ మావాడికి ఐదేళ్ళు నిండేదాకా ఆగుతాను, హాల్లో నవ్వారని మాత్రం కాదు.

కమిటీ వారికి ఒక్క మనవి. దీపావళి ప్రోగ్రామ్‌లో మన అమ్మలకు ఒక గది, ఒక గంట ఇవ్వండి. జపం చేసుకుంటారో, ధ్యానం చేసుకుంటారో, గోడకు ఆనుకుని కునుకు తీస్తారో వాళ్ళిష్టం. చాపలు నేను తెస్తాను. పిల్లల్ని చూడ్డానికి మా ఆయన ఒప్పుకున్నాడు. ఇంకో ముగ్గురు నాన్నలు కావాలి.