తొంభై రోజుల రచ్చబండ

ఇంటి నుంచి పనిచేసేవారు, ఫ్రీలాన్సర్లు చేరే చాట్ బృందాల గురించి ఎవరు రాసినా ఒంటరితనం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నాలుగు గోడల మధ్య పనిచేసే మనిషికి ఓ పలకరింపు దొరుకుతుందంటారు. దొరుకుతుంది, కాదనను. అయితే ఫ్రీలాన్సర్‌కు పలకరింపు కన్నా ముందు తెలియవలసినవి వేరే ఉన్నాయి. ఇదే పనికి తోటివారు ఎంత తీసుకుంటున్నారు, ఏ క్లయింటు డబ్బు ఎగ్గొట్టాడు, ఒప్పందంలో ఏ షరతు రేపు మెడకు చుట్టుకుంటుంది? ఆఫీసు ఉద్యోగికి ఇవి టీ తాగుతుంటే చెవిన పడతాయి. ఇంట్లో కూర్చున్నవారికి ఈ బృందాలే టీ కొట్టు.

మరి అంత విలువైన సమాచారాన్ని ఎక్కడ దాచుకుంటున్నాం? అద్దె కూడా కట్టని ఇంట్లో! చాలా బృందాలు వాడే స్లాక్ అనే చాట్ యాప్ ఉచిత ఖాతాలో ఒకప్పుడు చివరి 10,000 సందేశాలు కనిపించేవి. 2022 సెప్టెంబరు నుంచి చివరి 90 రోజులవి మాత్రమే కనిపిస్తున్నాయి. 2024 ఆగస్టు నుంచి ఏడాది దాటినవాటిని చెరిపేయడం కూడా మొదలుపెట్టారు. సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ దాదాపు 2,770 కోట్ల డాలర్లు పోసి కొన్న సరుకు అది. ఊరికే వాడుకుంటున్న మనం అలిగి లాభం లేదు. వాట్సాప్ బృందంలో కొత్తగా చేరినవారికైతే ఏళ్లనాటి చర్చ చదివే దారే లేదు.

స్లాక్‌లో నేనున్న అనువాదకుల బృందంలో ఒక సభ్యుడు, ఫలానా ఏజెన్సీ ఆరు నెలలైనా బిల్లు చెల్లించలేదని రాశాడు. ఆ రాత్రంతా బృందం భగ్గుమంది. నాలుగు నెలల తర్వాత కొత్తగా చేరిన అమ్మాయి అదే ఏజెన్సీ పేరు చెప్పి ‘వీళ్లు మంచివాళ్లేనా?’ అని అడిగింది. పాత సందేశం కనిపించదు, రాసినవాడు బృందంలో లేడు, మిగతావాళ్లు మరిచిపోయారు. ఆమె పని ఒప్పుకుంది. తర్వాతి కథ చెప్పనక్కరలేదు.

అసలు కోపం ఎక్కడంటే, ఈ బాకీలకు మందు చట్టంలోనే ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం ప్రకారం, ఉద్యమ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన చిన్న సేవాదారుకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. ఫిర్యాదుకు ప్రభుత్వ పోర్టల్ ఉంది. మా బృందంలో ఒకాయన ఇదంతా ఓపికగా వివరించాడు. అదీ 90 రోజుల్లో మాయమైంది. న్యూయార్క్ నగరంలో 800 డాలర్లు, ఆపైన విలువున్న పనికి రాతపూర్వక ఒప్పందం, గడువు రాసుకోకపోతే 30 రోజుల్లో చెల్లింపు ఉండాలనే చట్టం 2017లో అమల్లోకి వచ్చింది. దాని వెనుక 1995లో పుట్టిన ఫ్రీలాన్సర్స్ యూనియన్ పోరాటం ఉంది. పోరాడాలంటే ఎవరికి ఎంత బాకీ ఉందో ముందు లెక్క చేతిలో ఉండాలి.

లెక్కలూ పద్ధతులూ వస్తే కబుర్ల సరదా పోతుందని, ధరలు రాసిపెడితే క్లయింట్ల కంటబడతాయని కొందరి భయం. కబుర్లను ఎవరూ ఆపరు. ధరలు క్లయింట్లకు ఇప్పటికే తెలుసు, తెలియనిది మనకే.

ఇక్కడ నాకు పొదుపు సంఘాలు గుర్తుకొస్తాయి. పదిమంది ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే తీర్మానాల పుస్తకంలోకి ఎక్కవలసిందే. ఎవరు వచ్చారు, ఎవరికి అప్పు ఇచ్చారు, ఎవరు కట్టలేదు, అన్నీ అందులో ఉంటాయి. పుస్తక నిర్వహణ వాళ్ల పంచసూత్రాల్లో ఒకటి. ఆ పుస్తకాన్ని చూసే బ్యాంకు అప్పిస్తుంది. డిగ్రీల మీద డిగ్రీలు చదివిన మనం మాత్రం నోటిమాట మీద బతుకుతున్నాం. రాసుకోకపోవడం చదువుకున్న తెలుగువాళ్ల పాత జబ్బు. సభలు పెడతాం, ఉపన్యాసాలు దంచుతాం, మినిట్స్ అడిగితే మొహాలు చూసుకుంటాం.

మొన్న మా బృందంలో ఈ మాటే పెట్టాను. ధరలు, బాకీదారులు, చట్టం వివరాలు నెలకోసారి ఒక పట్టికలోకి ఎక్కిద్దాం, అది మన దగ్గరే ఉండాలి అన్నాను. ఎవరు రాస్తారని అడిగాను. పదకొండు బొటనవేలి బొమ్మలు వచ్చాయి, ఒక్క పేరూ రాలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు దిద్ది, వేలిముద్ర మానేసి సంతకం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది.