కదిలే గ్రాఫుల్ని కట్టడి చెయ్యాల్సిందే

సమాజం ఎటు పోతుందో అర్థం కావట్లేదండి. ఇదివరకు గ్రాఫ్ అంటే ఒక మర్యాద ఉండేది, పేపర్లో ఏదో ఒక మూల రంగు ముక్కల గుండ్రటి 'పై చార్ట్' వేసేవాళ్లు, మనం కళ్లజోడు సర్దుకుని "ఊఁ, పరిస్థితి ఘోరం" అనేసి పేజీ తిప్పేవాళ్లం. అది మన జోలికి వచ్చేది కాదు, మనం దాని జోలికి పోయేవాళ్లం కాదు. ఇప్పుడు ఇంటరాక్టివ్ అని ఒకటి తగలడింది, వేలు పెడితే కదులుద్ది, లాగితే సాగుద్ది, సంవత్సరం మారిస్తే బొమ్మ మొత్తం మారిపోద్ది. ఇలాంటివి ఊరికి మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

ఈ పాపంలో పెద్ద వాటా హాన్స్ రోస్లింగ్ అనే స్వీడన్ డాక్టర్ గారిది. 2006లో టెడ్ అనే ప్రసంగాల వేదిక ఎక్కి దేశానికో బుడగ పెట్టాడు, అడ్డంగా ఒక్కో తల్లికి ఎంతమంది పిల్లలు, నిలువుగా ఎన్నేళ్ల ఆయుష్షు. 1962 దగ్గర చూస్తే అంతా పద్ధతిగానే ఉంది, చిన్న కుటుంబాలు పెద్ద ఆయుష్షు ఒక పక్క, పెద్ద కుటుంబాలు చిన్న ఆయుష్షు ఇంకో పక్క. అక్కడితో ఆగొచ్చుగా? ఆగలా. ప్లే నొక్కి కామెంటరీ మొదలెట్టాడు, మనం "ఆ దేశాలు ఇంక బాగుపడవులే" అని ఏళ్ల తరబడి తీర్పు ఇచ్చేసిన బుడగలన్నీ బుడుంగు బుడుంగున పైకి ఎక్కేశాయి. పైగా తన స్టూడెంట్లకి దేశాల్ని జతలు జతలుగా ఇచ్చి ఎక్కడ పిల్లలు ఎక్కువ చనిపోతున్నారని అడిగితే 5కి సగటున 1.8 వచ్చాయంట, చింపాంజీలు కళ్లు మూసుకుని పెట్టినా 2.5 వస్తాయని అందరి ముందూ అనేశాడు. చదువుకున్నోళ్లని అలా అనొచ్చా అండి? మా బెజవాడ గవర్నర్‌పేట టీ కొట్ల దగ్గర ప్రపంచ రాజకీయాలు తేల్చేవాళ్ల గతేం కావాలి?

2015లో న్యూయార్క్ టైమ్స్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. తల్లిదండ్రుల ఆదాయం పెరిగేకొద్దీ పిల్లలు కాలేజీకెళ్లే అవకాశం ఎలా పెరుగుద్దో చూపించాలి, అంతే పని. గీత చూపించకుండా ఖాళీ గడి ఇచ్చి ముందు నువ్వే గియ్యి అన్నారు. మనం ఏదో వంకర్లు తిప్పి గీస్తాం, అప్పుడు అసలుది పక్కనే వచ్చి కూర్చుంటది, దాదాపు స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. డబ్బు పెరిగేకొద్దీ అవకాశం, అంతే, మధ్యలో మలుపుల్లేవు. మామూలుగా చూపిస్తే మర్నాటికి మర్చిపోయేవాళ్లం కదా, మన చేత్తో మనమే తప్పు గీసుకున్నాక ఎలా మర్చిపోతాం చెప్పండి, అదే వాళ్ల కుట్ర.

మ్యాపుల్ని కూడా వదల్లేదు. 1569లో మెర్కేటర్ గారు ఓడల వాళ్లకి దిక్కు తప్పకుండా ఉండాలని మ్యాప్ వేశాడు, దాన్లో ధ్రువాల వైపు పోయేకొద్దీ అన్నీ ఉబ్బిపోతాయి, గ్రీన్‌ల్యాండ్ ఆఫ్రికా అంత కనపడుద్ది. ఓడకి పనికొచ్చింది, మనకి అలవాటైపోయింది, ఎవరికీ ఇబ్బంది లేదు. ఇప్పుడు ద ట్రూ సైజ్ అని ఒక సైటు పెట్టి గ్రీన్‌ల్యాండ్‌ని వేలితో కిందకి లాక్కోమన్నారు, లాగితే పాపం కుంచించుకుపోయి మన ఇండియా కంటే చిన్నదైపోయింది. ఆఫ్రికాలో అలాంటివి 14 దాకా పడతాయి.

నా అసలు భయం ఇక్కడే. ఈ లాగే అలవాటు మన రియల్ ఎస్టేట్ వెంచర్ బ్రోచర్ల దాకా వస్తే? బెజవాడలో పుట్టి పెరిగిన ఎవరింట్లో అయినా ఒకటి ఉంటది, తళతళలాడే కాయితం, మధ్యలో ఎర్ర గుండ్రంలో వెంచర్, అంగుళం దూరంలో బెంజ్ సర్కిల్, ఇంకో అంగుళంలో గన్నవరం ఎయిర్‌పోర్ట్, అరంగుళంలో అమరావతి, మధ్యలో కృష్ణ ఎటుపోయిందో అడక్కూడదు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'నాట్ టు స్కేల్', అంటే ఈ దూరాలు కొలత ప్రకారం కాదని. వాగు అసలే ఉండదు. వాగు ఉండాల్సిన చోట చిల్డ్రన్స్ పార్క్, ఉయ్యాల, ఉయ్యాల్లో నవ్వుతున్న పాప.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పోతంది. లెక్కలన్నీ పేపర్లో వచ్చాయి, చదివాం, "అబ్బో" అన్నాం. లక్షల క్యూసెక్కులంటే ఎవరికి తెలుసు, అదే ఆ లెక్కలకున్న గొప్పతనం. రేపు ఎవడో ఇంజనీరింగ్ కుర్రాడు ఆ డేటా తీసుకుని మీ వీధి పేరు కొట్టు, నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూస్కో అని ఒక మ్యాప్ పెట్టాడనుకోండి, గజం రేటు ఏమైపోవాలి? రిజిస్ట్రేషన్ అయినోళ్ల మనోభావాలు? సైట్ విజిట్‌కి ఏసీ బస్సు పెట్టి మధ్యాహ్నం బిర్యానీ కూడా పెట్టినోళ్ల పరిస్థితి?

అలాగని నేను టెక్నాలజీకి వ్యతిరేకిని కాదండోయ్. స్లైడర్ పెట్టుకోండి, రంగులు వేసుకోండి, జూమ్ కూడా పెట్టుకోండి. కాకపోతే అది 2024 ఆగస్టు దాకా వచ్చి అక్కడే ఇరుక్కుపోవాలి, సర్వర్ డౌన్ అని రాస్తే ఇంకా బెటర్.