సవరణ: కాన్పులో బిడ్డకు దెబ్బ తగిలితే కేసు ఎక్కడ వేయాలి

"కాన్పులో డాక్టరు నిర్లక్ష్యంతో బిడ్డకు దెబ్బ తగిలితే రెండేళ్లలోపు కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి" అన్న పోయిన వారం పోస్టుకు ఈ సవరణ.

ఎవరి దగ్గరా ఫీజు తీసుకోని సర్కారు ఆసుపత్రికి ఆ మాట వర్తించదు. అలాంటి చోట చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. అక్కడ జరిగినదానికి సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేయాలి, లేదంటే హైకోర్టులో రిట్ (సర్కారు మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్). కొందరికి బిల్లు వేసి కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రయితే మాత్రం, ఉచితంగా చూపించుకున్నవాళ్లూ కమిషన్‌కు పోవచ్చు.

రెండేళ్లు దాటాయని దిగులుపడి ఊరుకోవద్దు. తగిన కారణం చూపితే కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చు. మెడ నిలబడలేదనో, ఒక చెయ్యి పైకి లేవడం లేదనో నెలలు పోయాకే కదా ఇంట్లోవాళ్లు గమనించేది!

జిల్లా కమిషన్ 50 లక్షల వరకున్న కేసులే తీసుకుంటుంది. ఆ పరిమితి మీరు ఆసుపత్రికి కట్టిన డబ్బుకు. అడిగే పరిహారానికి కాదు. ఇది చాలామంది తిరగేసి చదివారు.

కేస్ షీటు రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలని నిబంధన ఉంది. బిడ్డ గుండె చప్పుడు నమోదైన సీటీజీ పట్టీ దొరికితే వెంటనే జిరాక్స్ తీయించండి, ఆ థర్మల్ కాగితం మీది గీతలు వెలిసిపోతాయి.

పోలీసు కేసు వేరే సంగతి. తీవ్రమైన నిర్లక్ష్యం ఉంటేనే నిలబడుతుంది.

లాయరు ఫీజుకు వెనకాడేవాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును పెడతారు.